ఎన్నటికిని రాని రెండవ దశ

జూను, జూలై మాసములు వచ్చినవనగా మన సంఘమునకు వచ్చు ఉత్తరములును, టెలిఫోను పిలుపులును రెట్టింపగును. బళ్ళారినుండి ఒక తండ్రి, హోసూరునుండి ఒక తల్లి, బరంపురమునుండి ఒక మేనమామ, యానామునుండి ఒక అన్న. వీరందరును అడుగునది సీటు మాట కాదు. సీటు బిడ్డ తన తెలివితేటలతో తెచ్చుకొనినది. వీరు అడుగునది ఒక్కటే: "అయ్యా, అక్కడ పిల్ల ఉండుటకు హాస్టలు దొరకునా?" ఈ ప్రశ్నకు మేము చెప్పు సమాధానము కూడ ఏటేట ఒక్కటే యగుచున్నది. "కట్టెదమని చెప్పినారమ్మా. రెండవ దశలో నున్నదట."

ఈ "రెండవ దశ" యను మాటను గూర్చియే నేడు మేము కలము పట్టితిమి. విశ్వవిద్యాలయములు భవనములు కట్టరాదని మా వాదము కాదు. చదువునకు చెట్టు నీడ చాలునని చెప్పు వేదాంతులలో మేము చేరము. అట్లు చెప్పువారి పిల్లలు చెట్టు క్రింద చదువుచున్నట్లు మాకు తెలియదు. మేము అడుగునదెల్ల, ఏది ముందు కట్టవలెను, ఏది వెనుక కట్టవలెను అను నిర్ణయము ఎవరు చేయుచున్నారు, ఎవరిని అడిగి చేయుచున్నారు అనుటయే.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సొంత డబ్బుతో ఇల్లు కట్టుకొను గృహస్థు ముందు ఏమి చేయును? ఇంటిలో ఎందరు పడుకొందురు, పొయ్యి ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, ముసలి తల్లికి మెట్లెక్కు శక్తి కలదా అని ఆలోచించును. పిమ్మట మేస్త్రీని పిలుచును. వీధి గుమ్మమునకు నగిషీ అన్నిటికంటె చివరి మాట. విశ్వవిద్యాలయములో ఈ క్రమము తలక్రిందగుచున్నది. అది ఎట్లు తలక్రిందగుచున్నదో పాఠకులు తెలిసికొనవలయును. వ్యవహారము మూసిన తలుపుల వెనుక జరుగుచున్నను, నియమములన్నియు అచ్చుపడియే యున్నవి.

ఒక శాఖవారు తమకు గదులు చాలవని వ్రాయుదురు. ఆ కాగితము రిజిస్ట్రారుగారి కచేరికి పోయి, అక్కడినుండి విశ్వవిద్యాలయపు ఇంజనీరు బల్లమీదికి చేరును. ఆయన పటమొకటి గీయించి, చదరపు మీటరునకు ఇంత అని ధర కట్టి, ఉజ్జాయింపు అంచనా తయారుచేయును. అది భవన నిర్మాణ సంఘము ముందునకు వచ్చును. ఆ సంఘమునకు సాధారణముగా వైస్ ఛాన్సలరుగారే అధ్యక్షులు. రిజిస్ట్రారు, ఆర్థికాధికారి, ఇంజనీరు, ప్రజాపనుల శాఖవారి ప్రతినిధి మొదలగువారు సభ్యులు. గదులు కోరిన శాఖాధిపతిని కూడ పిలుచుట వాడుక. అక్కడినుండి ఆర్థిక సంఘము, దాని తరువాత సిండికేటు గాని పాలకమండలి గాని, ఆ పైని ధనమిచ్చువారి అనుమతి. ఇవన్నియు దాటిన పిదప సాంకేతిక మంజూరు, టెండరు, పని అప్పగింత ఉత్తరువు. ఈ దారిలో ఒక్కొక్క మెట్టు ఎక్కుటకు ఒక ఋతువు పట్టినను ఆశ్చర్యపడనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వమువారి సాధారణ ఆర్థిక నియమావళి 2017లో సవరింపబడి వెలువడినది. అందు 136వ నియమము చదువదగినది. పరిపాలనా ఆమోదము లేనిదే పని ప్రారంభింపరాదు, వ్యయమునకు మంజూరు ఉండవలెను, వివరమైన నమూనా ఆమోదము పొందవలెను, ధరల పట్టికనుబట్టి అంచనా వేయవలెను, ఆ సంవత్సరపు ఖర్చునకు నిధి కేటాయింపబడి యుండవలెను, టెండర్లు పిలువవలెను, పని ఉత్తరువు ఇయ్యవలెను. ఇన్ని కట్టుబాట్లు చెప్పిన ఆ నియమములో లేనిది ఒక్కటే. ఈ కట్టడములో నివసింపబోవు వానిని అడిగితిరా యను ప్రశ్న దానిలో లేదు.

అందుకు ఆ నియమమును మేము నిందింపము. అది డబ్బుకు పెట్టిన కాపలా. కాపలావాడు తన పని తాను చేయుచున్నాడు. కాని కాపలావాడే యజమానియైనచో వచ్చు చిక్కు ఇది. ఆర్థికాధికారి ఏ పద్దులో ఖర్చు వ్రాయవలెనని అడుగును. ఇంజనీరు ధర సరిపోయినదా యని అడుగును. ఆడిటరు టెండరు సక్రమముగా పిలిచితిరా యని అడుగును. ప్రతివాడును తన ప్రశ్న అడిగి, తన సంతకము చేసి, కాగితమును ప్రక్కవానికి త్రోయును. ఈ కట్టడమే ముందు కావలెనా యని అడుగుట ఎవరి పనియు కాకపోవుటచేత, అన్ని సంతకములతోను, అన్ని ముద్రలతోను, అక్కరలేని భవనము ఆకాశమునకు లేచును. అక్కరయైనది పటముమీద చుక్కల గీతగా మిగులును.

చుక్కల గీత యనుట అలంకారము కాదు. మేము కన్నులార చూచితిమి. కొన్ని ఏండ్ల క్రిందట మన సంఘము పక్షమున నలుగురము ఒక విశ్వవిద్యాలయమునకు పోయితిమి. దాని పేరు ఇక్కడ వ్రాయము. దోషము ఆ ఒక్కదానిదే యని పాఠకులు భ్రమపడుట మాకు ఇష్టము లేదు. కచేరి గోడమీద ఆవరణపు పటము పెద్దది వ్రేలాడుచుండెను. స్వాగత తోరణము, గుమ్మటముతో కూడిన పరిపాలనా భవనము, సభామందిరము, అతిథిగృహము, నడుమ నీటి చిమ్మెర, అన్నియు రంగులతో ముచ్చటగా చిత్రింపబడియుండెను. ఆడపిల్లల హాస్టలు ఎక్కడనని అడిగితిమి. అధికారి లేచి వచ్చి, పటము మూలనున్న ఒక చుక్కల గీతల చతురస్రముమీద వ్రేలు పెట్టెను.

"ఇది రెండవ దశ."

"రెండవ దశ ఎన్నడు?"

"మొదటి దశ ముగిసిన వెంటనే."

"మొదటి దశ ఎన్నడు ముగియును?"

"అది నిధులనుబట్టి యుండును."

ఆయన దుర్మార్గుడు కాడు. మాకు కుర్చీలు వేయించి టీ తెప్పించెను. భవన నిర్మాణ సంఘపు తీర్మానములు ఒక మారు చూపుడని కోరినపుడు మాత్రము, అవి లోపలి కాగితములండీ అని నవ్వెను. మాతో వచ్చినవారిలో ఒక నేతగాని కుటుంబపు తండ్రియు, ఆయన కుమార్తెయు నుండిరి. ఆ పిల్ల ఆ యేడు బస్తీలో మరి ముగ్గురితో కూడి ఒక గది అద్దెకు తీసికొనెను. గది అద్దె చదువు ఫీజును మించెను. రెండవ యేడు ఆమె రాలేదు. తండ్రిని మరల కలిసినపుడు మేము ఏమి చెప్పవలెనో తోచక యుండగా ఆయనయే, "గుమ్మటము మాత్రము పూర్తియైనదట బాబూ, చాలా బాగున్నదని విన్నాను" అనెను. అందులో వెక్కిరింత ఉన్నదో లేదో మాకు నేటికిని తెలియదు.

ఇతరులకంటె మనకు ఈ సంగతి ఎక్కువ బాధాకరమగుటకు కారణము కలదు. విశ్వవిద్యాలయమున్న పట్టణములోనో, ప్రక్క తాలూకాలోనో ఇల్లున్న విద్యార్థికి హాస్టలు సౌకర్యము; మన పిల్లలకు అది చదువునకే ద్వారము. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. 1985లో నెలకొనిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయమునకు యానాము పిల్లవాడు పోవలెనన్న ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కోలారు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారు, మూడు రాష్ట్రముల కూడలియగు కుప్పములో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయమువైపు చూతురు. బళ్ళారి తెలుగువారికి అనంతపురము ఇంచుమించు నూరు కిలోమీటర్లు. మాతృభాషలో పై చదువు చదువగోరువానికి సరిహద్దు దాటక తప్పదు. దాటినవానికి చుట్టమిల్లు ఉండదు. ఇట్టివాని దృష్టిలో తోరణము మొదటి దశయు, పడక రెండవ దశయు నగుట యనగా, నీవు రావలదు అని మర్యాదగా చెప్పుటయే.

డబ్బు లేదు గదా, ఏమి చేయుదుమని విశ్వవిద్యాలయములవారు అందురు. డబ్బు కొరత నిజమే. కాని ఉన్న డబ్బు ఎట్లు వచ్చుచున్నదో, ఎట్లు పోవుచున్నదో చూతము. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 1953లో ఏర్పడి, 1956లో చట్టబద్ధమైనది. పంచవర్ష ప్రణాళికలు సాగినంత కాలము ఆ సంఘము కట్టడములకు విరాళములిచ్చుచు వచ్చెను. పన్నెండవ ప్రణాళిక 2017 మార్చితో ముగిసినది. ఆ యేడే కేంద్ర విద్యాశాఖయు, కెనరా బ్యాంకును కలసి హెఫా యను పేర ఒక సంస్థను నెలకొల్పినవి. అది ఇచ్చునది విరాళము కాదు, అప్పు. 2014 తరువాత పుట్టిన సంస్థల అప్పును సర్కారే తీర్చును. పాత సంస్థలు వాని వాని తరగతినిబట్టి అసలులో తమ వంతు తమ సొంత ఆదాయమునుండి తీర్చుకొనవలయును. విశ్వవిద్యాలయపు సొంత ఆదాయమనగా నేమి? చాల వరకు అది విద్యార్థుల ఫీజులు, పరీక్ష రుసుములు, హాస్టలు అద్దెలే గదా. అప్పు తీర్చువానికి ఇంటి పటము చూపని షావుకారును మనము లోకములో ఎక్కడనైన చూచితిమా? విద్యార్థి తీర్చవలసిన అప్పుతో ఏమి కట్టవలెనో విద్యార్థి తప్ప అందరును తేల్చుచున్నారు.

ఇక విరాళముగా వచ్చు సర్కారు సొమ్ము సంగతి. అత్త సొమ్ము అల్లుడు దానము అన్న సామెత ఇక్కడ నూటికి నూరుపాళ్ళు చెల్లును. మార్చి 31 దాటినచో మిగిలిన నిధి వెనుకకు పోవునను భయముతో, ఫిబ్రవరిలో పటము, మార్చిలో పునాది. సంవత్సరాంతమున ఆదరాబాదరాగా ఖర్చు చేయుట ఆర్థిక మర్యాదకు భంగమని పైన చెప్పిన నియమావళియే స్పష్టముగా పలుకుచున్నది. ఆ పుటను మార్చి మాసములో తెరచువారు తక్కువ. కట్టుటకు ధనమిచ్చు పథకములు పెక్కు గలవు. కట్టిన దానిని ఊడ్చుటకును, కారు కప్పును బాగుచేయుటకును, మరుగుదొడ్లకు నీరు పెట్టుటకును ధనమిచ్చు పథకము పేరు చెప్పుడన్నచో నోరు పెగలదు. ఊడ్చినవాని పేరు శిలాఫలకముమీద చెక్కరు గదా! నాక్ పరిశీలకులు వచ్చుచున్నారన్న కబురు అందినపుడు మాత్రము సున్నము, రంగులు, పూలకుండీలు ఎక్కడినుండియో దిగును. వారు వెడలిన వారమునకు కుండీలును వెడలును.

ఇచ్చట మన వారి గతమునుండి ఒక సంగతి జ్ఞాపకము చేయుట అవసరము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, పిదప విశాఖపట్టణపు వాల్తేరునకు చేరినది. దానికి ఆదినుండి అండగా నిలచినవారిలో ముఖ్యుడు జయపుర సంస్థానాధిపతి విక్రమదేవవర్మ. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు ఆ జయపురము కోరాపుట్ జిల్లాలో చేరి ఆ రాష్ట్రమునకు పోయినది. నేడు మన సంఘపు పాఠకులు పలువురు ఆ ప్రాంతమువారే. తెలుగు, ఒడియా రెండును ఎరిగిన ఆ ప్రభువు విశ్వకళాపరిషత్తునకు ఇచ్చిన విరాళము ఏటేట లక్ష రూపాయలు. ఆయన పేరనే అక్కడి విజ్ఞాన సాంకేతిక కళాశాల వెలసినది. "ఏటేట" యను మాటను పాఠకులు గమనింపవలెను. ఒక్కనాడు రాయి వేసి, చప్పట్లు కొట్టించుకొని, బండి ఎక్కిపోవు దానము కాదది. గోడ నిలుచుటకు ఒకనాటి డబ్బు చాలును. గోడల నడుమ చదువు నిలుచుటకు ప్రతియేడును డబ్బు కావలెనని ఆ సంస్థానాధీశునకు తెలిసినది. నేటి ప్రణాళికా నిపుణులకు ఈ తేడా తెలియదనుకొనుట కష్టమే. తెలిసియు అంచనా కాగితములో ఆ గడి ఖాళీగా విడుచుచున్నారు.

ఉస్మానియా కథ వేరొక విధమైనది. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయము సుమారు ఇరువది ఏండ్లు హైదరాబాదు నగరములోని అద్దె ఇండ్లలోనే సాగినది. నాటి నిజాము రాజ్యములో మరాఠ్వాడాయు, కన్నడ జిల్లాలును చేరియుండుటచేత ఔరంగాబాదు, గుల్బర్గా, రాయచూరు పిల్లలకును అదియే విశ్వవిద్యాలయము. ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో ప్రారంభోత్సవమైనది. పటము గీయుటకు ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇరువురు వాస్తుశిల్పులను విదేశములకు పంపి, అక్కడి విశ్వవిద్యాలయములు ఎట్లున్నవో చూచి రమ్మనిరి. పిమ్మట ఎర్నెస్టు జాస్పరు అను బెల్జియము దేశస్థుని నియమించుకొనిరి. అద్దె ఇండ్లలో ఇరువది ఏండ్లు గడచుట ఆదర్శమని మేము చెప్పబోము. నిజాము విద్యార్థులను అడిగి కట్టెనని కూడ చెప్పము. ప్రభువు ఫర్మానా ముందు విద్యార్థి మాట యెక్కడిది? కాని ముందు చూచి, పిదప గీసి, ఆ పిదప కట్టిరి. ఆ భవనము చూచుటకు నేటికిని జనులు పోవుచున్నారు.

ఇంతకంటె ముందే మదరాసులో ఒక మంచి పద్ధతి కనబడుచున్నది. విశ్వవిద్యాలయపు సెనేటు భవనమునకు నమూనాలు పంపుడని బహిరంగముగా పోటీ ప్రకటించిరి. రాబర్టు చిషోము అను వాస్తుశిల్పి నెగ్గెను. 1874 మొదలు 1879 వరకు కట్టిన ఆ భవనము సముద్రతీరమున నిలచియున్నది. తెల్లదొరల కాలమున పదిమంది నమూనాలు పిలిచి ఎంచుకొనుట సాధ్యమైనది. స్వతంత్ర భారతములో ఒకే నమూనా వచ్చును, అదియే ఆమోదింపబడును, దానిని వేరొకరు చూచుసరికి పునాది గోతులు త్రవ్వబడియుండును.

మన కాలపు ఉదాహరణము కావలెనన్న విజయనగరమునకు పోదము. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో ఒక గిరిజన విశ్వవిద్యాలయము వాగ్దానము చేయబడినది. రాయగడ, కోరాపుట్ కొండలకు విజయనగరము చేరువ గనుక మన ఒడిశా పాఠకులు దానివైపు ఆశతో చూచిరి. మొదట కొత్తవలస మండలములోని రెల్లి వద్ద స్థలము చూపిరి. ప్రభుత్వము మారినది, స్థలమును మారినది. మెంటాడ, దత్తిరాజేరు మండలముల ప్రాంతము నిర్ణయింపబడినది. ఈలోగా 2019లో తరగతులు విజయనగరమునందలి పాత స్నాతకోత్తర కేంద్రపు భవనములలో ప్రారంభమైనవి. కొత్త స్థలములో శంకుస్థాపన 2023 ఆగస్టులో జరిగినది. వాగ్దానమునకు, మొదటి రాతికి నడుమ తొమ్మిది ఏండ్లు. రెండు స్థలములలో ఏది మేలైనదో మేము తీర్పు చెప్పము. దేనికి అనుకూలముగ చెప్పవలసినది దానికి ఉన్నది. కాని స్థలమును ఎంచునప్పుడు గాని, మార్చునప్పుడు గాని, కొండదిగి వచ్చి చదువవలసిన పిల్లవానికి బస్సు ఎక్కడ ఆగును, రాత్రి ఎక్కడ పడుకొనును అను ప్రశ్నయే ముందుగా నడచినదా? అనంతపురములోని కేంద్ర విశ్వవిద్యాలయము కూడ అదే షెడ్యూలులోనిది; 2018లో అదియు తాత్కాలిక వసతిలోనే తరగతులు తెరచినది.

విద్యార్థి నివాసమునకు విలువ నిచ్చుట ఏదో నూతన వాదమని ఎవరును అనుకొనరాదు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరు. ఆ తిరుత్తణి 1960లో మదరాసు రాష్ట్రమునకు పోయినది గనుక ఆయన పుట్టిన యింటివారు మన వంటివారే యనవచ్చును. ఆయన అధ్యక్షతన 1948లో కూర్చున్న విశ్వవిద్యాలయ విద్యా సంఘము విద్యార్థుల సంక్షేమమునకు ఒక అధ్యాయమునే కేటాయించినది. డెబ్బది ఏండ్లు దాటినను ఆ అధ్యాయము బీరువాలలోనే యున్నది.

మా మాటలకు వచ్చు ఆక్షేపణలు మాకు తెలియును. విద్యార్థులు నేడు వచ్చి రేపు పోవువారు, వారికి దీర్ఘదృష్టి యెక్కడిదని ఒకటి. మంచిది. డిగ్రీయు, దానిపై చదువును కలిపి ఒక విద్యార్థి ఐదేండ్లు ఆవరణలో నుండును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయములలో వైస్ ఛాన్సలరు పదవీకాలము మూడేండ్లు; కేంద్ర విశ్వవిద్యాలయములలో ఐదు. నేడు వచ్చి రేపు పోవువారు ఎవరో పాఠకులే లెక్కవేయుదురు గాక. విద్యార్థికి పటము చదువుట రాదని రెండవ ఆక్షేపణ. స్నానపుగది రెండు వందలమందికి ఎన్ని ఉన్నవో లెక్కపెట్టుటకు ఇంజనీరింగు పట్టము అక్కరలేదు. హాస్టలు సంగతి వచ్చినపుడు వార్డెనుగారిని అడుగుచున్నాము గదా యందురు. వార్డెనుగారు సాధారణముగా ఆ హాస్టలులో భుజించువారు కారు. బయటివారికి చూపినచో ఆలస్యమగునని మూడవది. తొమ్మిదేండ్ల ఆలస్యమును ఓర్చుకొనువారు తొంబది దినముల ఆలస్యమునకు జంకుట వింత.

టెండరు రహస్యముల మాట కూడ తెత్తురు. టెండరు తెరచువరకు ధరలు గుట్టుగా నుండవలసినదే. దానిని మేము కాదనము. గదులెన్ని, పడకలెన్ని, ఏది ముందు కట్టుదురు అనునవి ధరలు కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టములోని 4వ విభాగము, ప్రజలకు సంబంధించిన ముఖ్య నిర్ణయములు చేయునపుడు ఆ సంగతులను ఎవరును అడుగకయే తమంత తామే ప్రకటింపవలెనని ప్రభుత్వ సంస్థలను శాసించుచున్నది. మాకు టీ ఇచ్చిన అధికారి "లోపలి కాగితములు" అన్నవి ఆ చట్టము దృష్టిలో బయటి కాగితములే. అట్లే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, వారు రాకపోకలు చేయుటకు వీలులేని కట్టడపు నమూనాకు అనుమతియే ఇయ్యరాదన్నది. ఇయ్యరాదన్న అనుమతి ఎట్లు వచ్చుచున్నదో, పై అంతస్తులోని చదువుగదికి మెట్లు తప్ప దారిలేని గ్రంథాలయములను చూచినవారికి తెలియును.

భవనము కట్టిన తరువాత గదులు పంచుటలో కూడ ఒక సంగతి చెప్పవలసియున్నది. మదరాసు, బెంగుళూరు, మదురై విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు కలవు. ఇట్టి చిన్న శాఖలకు విద్యార్థుల సంఖ్యనుబట్టి గది ఇయ్యవలెనన్నచో ఒక బల్లయు, రెండు కుర్చీలును వచ్చును. పుస్తకములకు సంఖ్య చిన్నది కాదు. తాళపత్రమునకు కావలసిన పొడి గాలి విద్యార్థులు పదిమంది యైనను వేయిమంది యైనను ఒక్కటే. కొత్త కట్టడమునకు పటము గీయునపుడే ఆ శాఖవారిని పిలచి అడిగినచో గోడ ఒకటి జరిపి సరిపెట్టవచ్చును. సున్నము ఆరిన తరువాత అడిగినచో "తరువాతి దశలో చూతము" అందురు.

కనుక మేము కోరునది ఇది. ఏ విశ్వవిద్యాలయమైనను కట్టడమును భవన నిర్మాణ సంఘము ముందునకు తెచ్చుటకు మూడు మాసముల ముందే దాని పటమును, ఆవరణములో ఇంకను కట్టవలసినవాని వరుసను, ఆ వరుసకు కారణమును నోటీసు పలకమీద అంటింపవలెను. తెలుగు విద్యార్థులు గణనీయముగా నున్న చోట తెలుగులోను అంటింపవలెను. ఆ సంఘములో హాస్టలు విద్యార్థులు ఇరువురు ఓటుతో కూడిన సభ్యులుగా నుండవలెను. ఇరువురిలో ఒకరు ఆడపిల్లయై యుండవలెను. బయటి రాష్ట్రములనుండి వచ్చినవారిలో ఎందరికి పడక కలదు, ఎందరికి లేదు అను లెక్క లేకుండ పరిపాలనా భవనమునకు గాని, అతిథిగృహమునకు గాని, తోరణమునకు గాని పరిపాలనా ఆమోదము ఇయ్యరాదు. కట్టడపు అంచనాతో పాటు పదేండ్ల నిర్వహణ వ్యయమును, అది ఎక్కడినుండి వచ్చునో కూడ వ్రాయవలెను. నమూనా రూపొందించునపుడు కట్టడము బ్రతికినంత కాలపు ఖర్చును గణింపవచ్చునని 136వ నియమమే చెప్పియున్నది. "వచ్చును" అను దానిని "వలెను"గా మార్చుడని మాత్రమే మా కోరిక.

ఇందులో ఏదియు ఒక్క రూపాయి అదనపు వ్యయము తెచ్చునది కాదు. నోటీసు పలక ఇప్పటికే యున్నది. దానిమీద ప్రస్తుతము పోగొట్టుకొనిన గొడుగుల ప్రకటనలు కలవు.

ఈ కోరికలను విన్నపముగా వ్రాయించి, మన పిల్లలు చదువుచున్న విశ్వవిద్యాలయముల పాలకమండళ్ళకు సంఘము పక్షమున పంపనున్నాము. దానికి బలము కావలెనన్న లెక్కలు కావలెను. పాఠకులు తమ బిడ్డ గాని, మేనల్లుడు గాని, ప్రక్కింటి పిల్ల గాని చేరిన విశ్వవిద్యాలయము పేరు, హాస్టలు దొరకినదా లేదా, దొరకనిచో నెలకు గది అద్దె ఎంత, హాస్టలు ఏ దశలో నున్నదని చెప్పినారు అను నాలుగు సంగతులు ఒక కార్డుమీద వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపుడు. తోరణముల ఛాయాచిత్రములు పంపనక్కరలేదు. అవి మావద్ద చాలినన్ని యున్నవి.